అడగడం నేర్పిన పోలీసావిడ

సాయంత్రం వంటింటి కిటికీలో ఉన్న కరివేపాకు మొక్కకి నీళ్ళు చల్లుతూ ఫోన్ వస్తే మాట్లాడుతున్నాను. స్ప్రే సీసా ఇంకా చేతిలోనే ఉంది. నిహాల్ వచ్చి నా చేతి వంక చూసి పకపకా నవ్వాడు.

"అమ్మా, యూ ఆర్ హోల్డింగ్ ఇట్ ఫన్నీ. నొక్కవా?"

చూసుకుంటే నా చూపుడువేలు మీట మీద లేదు. సీసా పక్కన, పొడుగ్గా, బుద్ధిగా ఆనించి ఉంది. ఈ మధ్య హెయిర్ డ్రయ్యర్ పట్టుకున్నా అంతే, పెట్రోల్ బంకులో గొట్టం పట్టుకున్నా అంతే. ఈ అలవాటు నాకు ఎవరి దగ్గర అంటుకుందో తెలుసు. ఆవిడ రిటైరై, కూతురి దగ్గరకి అమెరికా దక్షిణాదికి వెళ్ళిపోయి చాలాకాలమైంది. ఎలా ఉందో తెలియదు. ఈ రాత్రి పిల్లాడు పడుకున్నాక ఆవిడ గురించి రాయాలనిపించింది.

మేమంతా ఆవిడని సార్జెంట్ అనేవాళ్ళం. చికాగో శివార్లలో మా ఊరి పోలీస్ స్టేషన్లో పని. యాభై దాటిన మనిషి, పొడుగరి. నెరిసిన జుట్టు మగపిల్లాడిలా కత్తిరించుకునేది. కళ్ళజోడుకి రంగురంగుల ప్లాస్టిక్ పూసల గొలుసు. అది మనవరాలు గుచ్చిందట. నవ్వితే చప్పుడుండేది కాదు, భుజాలు మాత్రం ఊగేవి. ఏ వస్తువు పట్టుకున్నా ఆ చూపుడువేలు దాని పక్కన నిటారుగా ఉండేది. మార్కర్ పెన్ను, కాఫీ కప్పు, గొడుగు, చివరికి కారెట్ ముక్క కూడా. ఎవరికైనా దారి చూపించాలంటే వేలు ఎత్తేది కాదు. అరచెయ్యి మొత్తం చాపేది, బస్సు ఆపుతున్నట్టు.

ఆవిడ పరిచయమైన ఏడాది మా ఊళ్ళో ఇండియన్ల ఇళ్ళల్లో వరసగా దొంగతనాలు జరిగాయి. మన ఇళ్ళల్లో బంగారం ఉంటుందని దొంగలకి ఎలాగో తెలిసిపోయింది. టీవీలు, లాప్‌టాప్‌లు ముట్టుకోకుండా నేరుగా పడకగదిలోకి వెళ్ళి నగలు పట్టుకుపోయేవాళ్ళు. ఏ పార్టీలో చూసినా ఆడవాళ్ళు లాకర్ల గురించి, మగవాళ్ళు అలారాల గురించి మాట్లాడుకునేవాళ్ళు. కొందరు మగవాళ్ళు గొంతు తగ్గించి ఇంకేదో కూడా మాట్లాడుకునేవాళ్ళు. అప్పుడే లైబ్రరీలో ఒక కాగితం కనపడింది. పోలీసులు తల్లిదండ్రులకి తుపాకీ భద్రత క్లాసు పెడుతున్నారు, ఉచితం, తుపాకీ ఉండనక్కర్లేదు.

నేను అసలే భయస్తురాలిని. నిహాల్‌కి అప్పుడు ఐదేళ్ళు. వాడు ద్రాక్షపండు తింటుంటే నేను ఊపిరి బిగపట్టి కూర్చునేదాన్ని. వేరే ఇంట్లో ఆడుకోవడానికి వెళితే తిరిగొచ్చేదాకా ఏ పనీ తోచేది కాదు. అదివరకే వార్తల్లో పిల్లల చేతుల్లో పేలిన తుపాకుల సంగతులు చదివి చదివి ఉన్నాను. వెళ్ళి పేరిచ్చాను.

మొదటి రోజు ఆవిడ ఒక లంచ్ బాక్స్ పట్టుకొచ్చింది. తెరిస్తే సగంలో కారెట్ ముక్కలు, సగంలో వంటింటి తువ్వాల్లో చుట్టిన నీలంరంగు ప్లాస్టిక్ పిస్తోలు. నేర్పడానికి వాడే బొమ్మ అది. బొమ్మే అయినా ఎవరి వైపూ తిప్పేది కాదు. బల్ల మీద పెట్టేటప్పుడు కూడా గోడ వైపు తిప్పి పెట్టేది.

పేర్లు ఆవిడకి గుర్తుండేవి కావు. అందుకని అందరినీ పిల్లల పేర్లతో పిలిచేది. నేను నిహాల్స్ మామ్‌ని. నా పక్కన కూర్చునే పొడుగాటి తెల్లాయన టైలర్స్ డాడ్. నిహాల్ వాళ్ళమ్మా అని మన ఊళ్ళో ఎదురింటి ఆవిడ పిలిచినట్టే ఉండేది. ఆ పిలుపుతోనే నాకు సగం భయం పోయింది.

ఆవిడ దగ్గర ఒక పద్ధతి ఉండేది. మావాడు అలాంటివి ముట్టుకోడండీ అని ఎవరైనా అంటే వాదించేది కాదు.

"పిల్లాడి పేరేమిటి?"

"టైలర్."

"సరే. టైలర్ ముట్టుకోడు. టైలర్ ఫ్రెండ్?"

ఎక్కడో పైన దాచిపెట్టాం అంటే మరో ప్రశ్న. పోయిన క్రిస్మస్‌కి పిల్లలకి కొన్న బొమ్మలు ఎక్కడ దాచారు, ఎవరు కనిపెట్టారు? ఒక్కొక్కళ్ళూ చెబుతుంటే గదంతా నవ్వులు. నా వంతొచ్చింది.

"మాకు క్రిస్మస్ లేదు. కానీ చాక్లెట్లు బియ్యం డబ్బాలో దాచాను."

"తర్వాత?"

"నేను మూత పెట్టి తిరిగేలోపు వాడి బుగ్గ ఉబ్బి ఉంది."

ఆవిడ భుజాలు ఊగాయి. "చూశారా, దాచడం వేరు, తాళం వేయడం వేరు" అంది. క్లాసు మొత్తానికి ఆవిడ గట్టిగా చెప్పిన మాట అదొక్కటే. యాక్సిడెంట్ అనే మాట మాత్రం ఎవరినీ అననిచ్చేది కాదు. ఎవరైనా అంటే, "ఎవరు తాళం వేయలేదు?" అని మెల్లగా అడిగేది.

ఇంకో రోజు, పిల్లల్ని ఆడుకోవడానికి పంపేముందు ఆ ఇంట్లో తుపాకీ ఉందా, తాళంలో ఉందా అని అడగడం సాధన చేయించింది. ఆవిడ ఫోన్ అవతల తల్లి. స్టేప్లర్ చెవికి ఆనించుకుని, "హలో, ఎవరూ?" అనేది. ఒకసారి మంచి తల్లి, ఒకసారి రోషం తెచ్చుకునే తల్లి. టైలర్ వాళ్ళ నాన్న చక్కగా అడిగేశాడు. నేనూ ఇంగ్లీషులో అడిగాను. పక్కింటి అమెరికన్ ఆవిడని అడగాల్సినట్టు, పొట్టిగా, శుభ్రంగా. నాకు నేనే మెచ్చుకున్నాను.

ఆవిడ స్టేప్లర్ దించలేదు.

"మీ అబ్బాయి ఎక్కువగా ఎవరింట్లో ఆడుకుంటాడు?"

"మావాళ్ళ ఇళ్ళల్లోనే. తెలుగువాళ్ళ ఇళ్ళల్లో."

"వాళ్ళని అడిగావా?"

"మావాళ్ళ దగ్గర తుపాకులుండవు. మాకు ఆ అలవాటు లేదు."

"ఊఁ. దొంగలు ఇప్పుడు ఎవరిళ్ళకి వెళుతున్నారు?"

"మావాళ్ళ ఇళ్ళకే."

"మరి భయపడుతున్నదెవరు?"

ఆవిడ కుర్చీ నా దగ్గరకి లాక్కుంది. "వాళ్ళతో ఏ భాషలో మాట్లాడతావు?"

"తెలుగులో."

"అయితే తెలుగులో అడుగు."

"మీకు రాదు కదా!"

"రానక్కర్లేదు. నువ్వు అడిగావో లేదో నాకు తెలిసిపోతుంది. హలో?"

అందరూ నా వంకే చూస్తున్నారు. తప్పలేదు. నిహాల్ ఎక్కువగా ఆడుకునేది అభి వాళ్ళింట్లో. అభి తల్లిదండ్రుల్ని మేము వదిన, అన్నయ్య అంటాం. చుట్టరికం లేదు. ఈ దేశానికి కొత్తగా వచ్చినప్పుడు మమ్మల్ని ఎయిర్‌పోర్ట్ నుంచి తీసుకొచ్చి పదిరోజులు అన్నం పెట్టినవాళ్ళు. ఆ వదినే ఫోన్లో ఉందనుకుని మొదలుపెట్టాను.

"వదినా, బాగున్నారా? అన్నయ్య బాగున్నారా? భోజనాలయ్యాయా?"

"ఇంకా అడగలేదు" అంది సార్జెంట్ ఇంగ్లీషులో, క్లాసు వైపు చూస్తూ.

"మొన్న మీరు పంపిన గోంగూర పచ్చడి ఎంత బాగుందో! మావారు అన్నంలోకి కాదు, ఉత్తినే తినేశారు."

"ఇంకా దగ్గరకి కూడా రాలేదు."

"ఆదివారం నిహాల్‌ని పంపుతాను. అల్లరి చేస్తే మీ అభికి పెట్టినట్టే రెండు పెట్టండి, మొహమాటపడకండి…"

"లేదు."

క్లాసంతా పొట్టలు పట్టుకుని నవ్వుతున్నారు. "అదీ… వదినా, ఏమనుకోకండి, మీ ఇంట్లో తుపాకీ లాంటిదేమైనా…"

సార్జెంట్ స్టేప్లర్ దించింది. "ఆఁ. ఇప్పుడు వచ్చింది. గొంతు దిగిపోయింది, చేతులు బల్లకింద దాక్కున్నాయి. మళ్ళీ అడుగు. ఇంట్లో కుక్క ఉందా అని ఎలా అడుగుతావో అలా."

మళ్ళీ అడిగించింది. గొంతు దిగినప్పుడల్లా ఆపింది. నిజంగానే ఒక్క తెలుగు ముక్క రాదు ఆవిడకి. ఒక్కసారి కూడా పొరపడలేదు.

మనవైపు ఒకరింట్లో ఏముందని అడగడం మర్యాద కాదు. అన్నం పెట్టిన ఇంటిని అడగడం మరీను. ఆ వారమంతా ఫోన్ చేతిలోకి తీసుకోవడం, పెట్టేయడం. అడిగితే వదిన జన్మలో మాట్లాడదేమో. అడక్కపోతే ఆదివారం పిల్లాడిని ఎలా పంపను? చివరికి శనివారం పొద్దున్నే చేశాను. పచ్చళ్ళ జోలికి పోకుండా అడిగేశాను.

వదినది కాకినాడ, నాది కడప. వెంటనే అందుకుంది.

"మీ కడప బుద్ధి పోనిచ్చుకున్నావు కాదు స్వాతీ! మా ఇంట్లో తుపాకీ ఏంటమ్మా, బాంబులు కూడా ఉన్నాయి. మంచం కింద బకెట్లో పెట్టాను. వచ్చి లెక్కపెట్టుకో."

"అది కాదు వదినా, క్లాసులో అందరినీ అడగమన్నారు…"

"అందరినీ అడుగు. మమ్మల్నా? నీ కొడుకుని నా చేత్తో అన్నం పెట్టి పెంచాను. నన్నా అడిగేది?"

నాకు ఏడుపొచ్చింది. అయినా ఫోన్ పెట్టలేదు. "మీరు కాబట్టే అడుగుతున్నాను వదినా. వాడు మా ఇంట్లో కంటే మీ ఇంట్లోనే ఎక్కువుంటాడు."

అవతల తలుపు మూసిన చప్పుడు వినపడింది. వదిన గొంతు మారిపోయింది.

"ఎవరికీ చెప్పకు. మొన్న ఆ దొంగతనాలప్పుడు మీ అన్నయ్య కొన్నారు. లైసెన్సు కార్డ్ తీసుకుని, అన్నీ పద్ధతిగానే. నాకిష్టం లేదు."

"ఎక్కడ పెట్టారు?"

"భద్రంగానే ఉందిలే. దసరాకి ఆయుధ పూజ చేశాం కదా, కారు తాళాలు, లాప్‌టాప్ పక్కన దాన్నీ పెట్టి బొట్టు పెట్టాను. అప్పట్నుంచీ అక్కడే, అమ్మవారి వెనకాల. స్నానం చేయకుండా మా ఇంట్లో దేవుడి గదిలో చెయ్యి పెట్టేవాళ్ళెవరున్నారు? బ్యాంకు లాకర్ కంటే భద్రం."

నేను అక్కడే మెట్ల మీద కూర్చున్నాను. వాళ్ళ దేవుడి గదిలో కింది అరలో పటికబెల్లం డబ్బా ఉంటుంది. అది నాకెలా తెలుసంటే, నిహాల్ వాళ్ళింటి నుంచి వచ్చినప్పుడల్లా వాడి ప్యాంటు జేబు జిగటజిగటగా ఉంటుంది.

"వదినా, పటికబెల్లం…" అన్నాను.

వదిన చాలా తెలివైన మనిషి. ఇంకో మాట అవసరం లేకపోయింది. "అమ్మో" అని మాత్రం అంది.

మావారు, నేను, నిహాల్ వెంటనే వాళ్ళింటికి వెళ్ళాం. సార్జెంట్‌కి ఫోన్ చేస్తానంటే అన్నయ్య ఒప్పుకోలేదు. పోలీస్ స్టేషన్‌కి తుపాకీ పట్టుకుని వెళ్ళడమేమిటి, మన పరువేంకాను అన్నారు. ఆయన పెద్ద కంపెనీలో డైరెక్టర్. "తూటాలుండే మ్యాగజైన్ తీసేశానమ్మా, అది ఖాళీది, ఇనపముక్క. నువ్వు అనవసరంగా కంగారుపడుతున్నావు. దాన్ని నేనే తీసి పైన పెట్టేస్తాలే" అని నవ్వారు.

"పెట్టండి చూద్దాం" అంది వదిన. "పైన ఎక్కడ పెడతారు? మీ సిగరెట్లు దాచే చోటా? అది అభికి తెలుసు."

అన్నయ్య నవ్వు ఆగిపోయింది. నన్నే ఫోన్ చెయ్యమన్నారు. ఎవరూ దాని జోలికి పోవద్దు, ఆ గది తలుపు మూసి ఉంచండి అని ఫోన్లోనే చెప్పి, సార్జెంట్ డ్యూటీ అవ్వగానే వచ్చింది. యూనిఫాం లేదు, సొంత కారు. గుమ్మం దగ్గర మా చెప్పుల గుట్ట చూసి బూట్లు విప్పేసింది. పసుపుపచ్చ చారల మేజోళ్ళు వేసుకుంది.

వాళ్ళ దేవుడి గది, మెట్ల కింద బట్టల అర ఉండాల్సిన చోటు. వదిన తలుపు దగ్గర నిలబడి నాతో తెలుగులో మెల్లగా, "కాళ్ళూ చేతులూ కడుక్కోకుండా లోపలికొచ్చేస్తుందేమో, ఎలా చెప్పను?" అంది. సార్జెంట్ వదిన ముఖం చూసింది. సింకు ఎక్కడ అని అడిగి, మోచేతుల దాకా కడుక్కొచ్చింది. వదిన నా చెయ్యి గిల్లింది. "దీనికి తెలుగొచ్చా?"

లోపలికి వంగే ముందు ఆవిడ అరచెయ్యి చాపి ఒక్కొక్క గోడా చూపిస్తూ అడిగింది.

"దీని అవతల?"

"అభి గది" అన్నారు అన్నయ్య.

"ఇటు?"

"హాలు. సోఫా."

"కింద?"

"బేస్‌మెంట్. పిల్లలు ఆడుకుంటున్నారు."

సార్జెంట్ ఆగిపోయింది. "ముందు వాళ్ళని బయటికి పంపండి." మావారు ఇద్దరినీ పెరట్లోకి తీసుకెళ్ళారు. వాళ్ళ కేకలు పెరట్లోంచి వినపడ్డాకే ఆవిడ మోకాళ్ళ మీద కూర్చుంది. వదిన దీపపు కుందులు, అమ్మవారి పటం జరిపింది. వెనక నల్లటి పిస్తోలు, దాని మీద ఎండిపోయిన పసుపు, మధ్యలో గుండ్రంగా కుంకుమబొట్టు. సార్జెంట్ ఆ బొట్టు వంక ఒక్క క్షణం చూసింది. నవ్వలేదు. దాన్ని తీసి, కింద కాంక్రీటున్న మూలకి తిప్పి, పైభాగం వెనక్కి లాగింది.

టక్‌మని ఏదో నేల మీద పడింది. పడి, అక్షింతల్లోంచి దొర్లుకుంటూ పటికబెల్లం డబ్బాకి తగిలి ఆగింది.

తూటా.

పెరట్లో పిల్లలు బంతి కోసం కొట్టుకుంటున్నారు.

"మ్యాగజైన్ తీసేశాను" అన్నారు అన్నయ్య. "ఖాళీ అనుకున్నాను. నిజంగా ఖాళీ అనుకున్నాను మేడమ్."

"మ్యాగజైన్ తీసినా ఒకటి లోపల ఉండిపోతుంది" అంది ఆవిడ. "అందరూ మీలాగే అనుకుంటారు. ఇప్పుడు ఇది నిజంగా ఖాళీ. రండి, ఇలా కూర్చోండి. మీరు చేయండి."

తిట్టలేదు. అంత పెద్ద మనిషి, మడిచిన కాళ్ళతో ఆవిడ పక్కన నేల మీద కూర్చుని, తల వంచుకుని, అక్షరాభ్యాసం నాటి పిల్లాడిలా ఆవిడ చెప్పినట్టల్లా చేశారు. వేలు మీట మీదకి జారినప్పుడల్లా ఆవిడ తన వేలితో దాన్ని పక్కకి జరిపింది. లాగి చూడటం, లోపలికి చూడటం, చిటికెనవేలు పెట్టి తడిమి చూడటం. ఆయనకి తడబాటు లేకుండా వచ్చేదాకా చేయించింది. తర్వాత సంచిలోంచి కేబుల్ లాక్ తీసి, పిస్తోలులోంచి దూర్చి తాళం వేయించింది. స్టేషన్లో అవి అందరికీ ఊరికే ఇస్తారు. తూటాలు వేరే పెట్టెలో, ఆ పెట్టెకి వేరే తాళం. ఇనప్పెట్టె కొనేదాకా రెంటినీ ఆవిడ దగ్గరే ఉంచుకోమని అన్నయ్యే బతిమాలారు. స్టేషన్లో రాసుకుని ఉంచుతాం, ఎప్పుడంటే అప్పుడు వచ్చి తీసుకోండి అంది.

వదిన హఠాత్తుగా లేచి వంటింట్లోకి వెళ్ళింది. సార్జెంట్‌కి పులిహోర పెట్టింది. ఆవిడ వద్దనకుండా తిని, ఎండుమిరపకాయని కూడా నమిలేసి కళ్ళల్లో నీళ్ళు తెచ్చుకుంది. వెళ్ళేటప్పుడు వదిన ఆవిడకి బొట్టు పెట్టి, అరటిపళ్ళు, రవికెల గుడ్డ చేతిలో పెట్టింది. "ఇంటికొచ్చిన ముత్తైదువని ఉత్త చేతుల్తో పంపుతామా" అంది నాతో.

"ఆవిడకి భర్త పోయాడు వదినా, క్లాసులో చెప్పింది."

"నోర్ముయ్. నా కొడుకుని, నీ కొడుకుని కాపాడింది. ముత్తైదువే."

కారు దాకా నేను వెళ్ళాను. ఆవిడ నుదుటిన ఎర్రటి బొట్టు, ఒక చేతిలో పిస్తోలు, తూటాల పెట్టె ఉన్న సంచి, ఒక చేతిలో అరటిపళ్ళు. నాకు థాంక్స్ ఎలా చెప్పాలో తెలియలేదు. ఆవిడే మాట మార్చింది. వచ్చే శనివారం మనవరాలు వస్తోందట. నిహాల్ ఈడుదే. తీసుకురా, ఆడుకుంటారు అంది.

"తప్పకుండా. ఎంత సంతోషమో! ఏం తీసుకురమ్మంటారు? ఆ పాపకి ఏమిష్టం? మేము ఎన్నింటికి రావాలి?"

ఆవిడ కారెక్కలేదు. తలుపు తెరిచి, దాని మీద మోచెయ్యి ఆనించి, కళ్ళజోడు పైనుంచి నన్నే చూస్తూ నిలబడింది. నాకు కొంచెం ఆలస్యంగా అర్థమైంది.

"మీ ఇంట్లోనా? మీరు పోలీసు కదా!"

"అందుకే ఉన్నాయి."

సిగ్గేసింది. అయినా గొంతు దించకుండా అడిగాను. "మీ ఇంట్లో ఉన్న తుపాకులన్నీ తాళంలో ఉన్నాయా?"

"ఉన్నాయి. ఇనప్పెట్టెలో, ఖాళీగా. తూటాలు వేరే. వచ్చినప్పుడు చూపిస్తాను." తర్వాత అరటిపళ్ళు సీటు మీద పెట్టింది. "నా పిల్లలిద్దరూ ఆ ఇంట్లోనే పెరిగారు. వాళ్ళ ఫ్రెండ్స్ ఎంతోమంది వచ్చారు. ఒక్క తల్లి కూడా నన్నడగలేదు. పోలీసు ఇల్లు కదా అనుకునేవాళ్ళు." భుజాలు ఊగాయి కానీ అది నవ్వో కాదో నాకు తెలియలేదు. "థాంక్యూ, నిహాల్స్ మామ్" అంది.

శనివారం నిహాల్‌ని దింపాను. అన్నట్టే ఇనప్పెట్టె చూపించింది, తలుపు లాగి చూడమంది. నేను లాగి చూశాను. ఇంటికొచ్చి సోఫాలో వాలి, మధ్యాహ్నం మూడుదాకా ఒళ్ళు తెలియకుండా నిద్రపోయాను. పిల్లాడు వేరే ఇంట్లో ఉండగా నాకు నిద్ర పట్టడం అదే మొదలు.